మీట వెనకున్న మాట

బల్లి బొమ్మ తోకలో ఎనిమిది కంట్రోలర్లు ఉన్నాయనుకుందాం. మొదటిది కదిలిన రెండు ఫ్రేములకు రెండోది, ఇంకో రెండు ఫ్రేములకు మూడోది, అలా ఎనిమిదోది 14 ఫ్రేములు ఆలస్యంగా కదిలితే తోక కొరడాలా ఊగుతుంది. అన్నీ ఒకేసారి కదిలితే కర్రలా ఉంటుంది. చేత్తో చేయాలంటే ఒక్కో కంట్రోలర్‌ని పట్టుకుని, దాని కీలను టైమ్‌లైన్ మీద పక్కకు జరుపుకుంటూ పోవాలి. ఒక షాట్‌కైతే ఓపిక పట్టొచ్చు, నలభై షాట్లకు ఎవరు పడతారు? అందుకని టీడీ, అంటే స్టూడియోలో సాంకేతిక చిక్కులు విప్పే టెక్నికల్ డైరెక్టర్, పది లైన్ల స్క్రిప్ట్ రాసుకుంటాడు. పక్క సీటు యానిమేటర్ అది చూసి "అన్నా, నాకూ ఇయ్యవా" అంటాడు. ఇస్తాడు. ఐదు నిమిషాలకే మళ్లీ కేక: "అన్నా, దీన్ని ఎక్కడ పేస్ట్ చెయ్యాలె? రెండు ఫ్రేములు వద్దు, మూడు కావాలంటే ఏది మార్చాలె?"

స్క్రిప్ట్‌కి బటన్ కావాలన్న కోరిక పుట్టేది ఇలాంటి చోటే. రాసినవాడికి బటన్‌తో పెద్దగా పని లేదు. ఏ లైన్ ఏం చేస్తుందో, ముందు ఏది సెలెక్ట్ చేయాలో, ఏది ముట్టుకోకూడదో అతనికి తెలుసు. ఆ తెలివిడి ఏదీ లేని మనిషి చేతికి స్క్రిప్ట్ వెళ్లేటప్పుడు దానికి ఒక ముఖం కావాలి. అందుకే ఈ వ్యవహారంలో రెండు ప్రశ్నలున్నాయి. బటన్ ఎలా పెట్టాలన్నది మొదటిది. దానికి ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ జవాబుంది, సగం చోట్ల నాలుగైదు లైన్లలో తేలిపోతుంది. నొక్కేవాడికి మనం ఏం మాట ఇస్తున్నామన్నది రెండోది. సాఫ్ట్‌వేర్ల మధ్య అసలు తేడాలు బయటపడేదీ, టూల్స్ చెడేదీ ఆ రెండో ప్రశ్న దగ్గరే.

పాత చుట్టరికం

స్క్రిప్ట్‌ని బటన్‌కి ముడివేయడం యానిమేషన్ వాళ్లు కనిపెట్టిన సంగతి కాదు. 1987లో ఆపిల్ కంప్యూటర్లలో వచ్చిన హైపర్‌కార్డ్‌లో ప్రోగ్రామర్లు కానివాళ్లు కూడా కార్డు మీద ఒక బటన్ గీసి, మౌస్ వదిలినప్పుడు ఏం జరగాలో దాని వెనక రాసుకునేవారు. యూనిక్స్ లోకంలో జాన్ ఓస్టర్‌హౌట్ తెచ్చిన టీకే పనిముట్ల పెట్టె, ఒక్క లైన్‌లో బటన్ పెట్టి దానికి కమాండ్ అతికించడం నేర్పింది.

ఈ చుట్టాల్లో మన విషయానికి బాగా దగ్గరిది ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జ్‌లో జిరాక్స్ పరిశోధనశాల చేసిన ప్రయత్నం. దాని పేరే 'బటన్స్'. అలన్ మెక్లీన్ బృందం 1990లో దాని మీద పత్రం ప్రచురించింది. అందులో బటన్లను తెర మీద ఎక్కడికైనా జరుపుకోవచ్చు, పేరు మార్చుకోవచ్చు, ఈమెయిల్‌లో పెట్టి పక్కవాడికి పంపొచ్చు. పనిముట్టును తమకు తగ్గట్టు మలచుకోవడానికి సాంకేతికత ఒక్కటే చాలదనీ, ఆఫీసులో దానికొక సంస్కృతి ఉండాలనీ వాళ్లు గమనించారు. మామూలు ఉద్యోగికీ ప్రోగ్రామర్‌కీ మధ్య, ఇద్దరి భాషా తెలిసి అన్నీ సర్దిపెట్టే మనిషి ఒకడుంటాడని కూడా గుర్తించారు. ఈనాటి స్టూడియోలో ఆ మనిషి పేరు టీడీ.

ఈడ్చి పడేస్తే బటన్

అన్నిటికంటే తేలిక దారి షెల్ఫ్, అంటే తెర పైన ఉండే బటన్ల వరస. 1998లో త్రీడీ సాఫ్ట్‌వేర్ మాయా వచ్చినప్పుడే దాంతోపాటు మెల్ అనే స్క్రిప్టింగ్ భాష వచ్చింది. మాయా మెనూలు, కిటికీలు చాలావరకు మెల్‌లో రాసినవే. స్క్రిప్ట్ ఎడిటర్‌లో నాలుగు లైన్లు సెలెక్ట్ చేసి, మౌస్ నడిమి బటన్‌తో పట్టుకుని షెల్ఫ్ మీదికి ఈడిస్తే అక్కడొక బటన్ తయారవుతుంది. త్రీడీఎస్ మ్యాక్స్‌లోనూ సెలెక్ట్ చేసిన స్క్రిప్ట్‌ని టూల్‌బార్ మీద పడేస్తే బటన్ అవుతుంది. టూన్ బూమ్ హార్మనీలో స్క్రిప్టింగ్ టూల్‌బార్ తెరిచి, ఏ ఫంక్షన్‌కి ఏ బొమ్మ పెట్టాలో ఎంచుకోవచ్చు.

ఈ దారిలో మరో మేలు దాగి ఉంది. బటన్ నుంచి స్క్రిప్ట్‌కీ అదే దారిన వెనక్కి వెళ్లొచ్చు. మాయాలో అన్ని కమాండ్లనూ చూపించే ఎంపికను ఆన్ చేసి ఏ మెనూ నొక్కినా, దాని వెనకున్న కమాండ్ స్క్రిప్ట్ ఎడిటర్‌లో కనిపిస్తుంది. మ్యాక్స్‌లో మాక్రో రికార్డర్ ఆ పని చేస్తుంది. బ్లెండర్‌లో చేసే చాలా పనులు ఇన్ఫో ఎడిటర్‌లో పైథాన్ లైన్లుగా నమోదవుతాయి. ఈ తరం టీడీల్లో చాలామంది స్క్రిప్టింగ్ నేర్చుకున్నది పుస్తకం చూసి కాదు, ఇలా బటన్లు నొక్కి వాటి గుట్టు చదివే.

అయితే షెల్ఫ్ బటన్‌కి నోరు లేదు. ఎన్ని ఫ్రేములు జరపాలని అడగదు, సెలెక్ట్ చేసింది సరిపోదని చెప్పదు. రాసినవాడి సొంత వాడకానికి ఇంతకంటే మంచి దారి లేదు. పదిమందికి పంచాలంటే మాత్రం చాలదు.

కిటికీ కట్టడం

నోరున్న బటన్ కావాలంటే కిటికీ కట్టాలి. మాయాలో దాని మెట్లు నాలుగే: విండో, దానిలో కాలమ్ లేఅవుట్, దానిలో బటన్, చివరికి షో విండో. ఫ్రేముల సంఖ్య అడగడానికి ఒక అంకెల గడి చేరిస్తే తోక టూల్ సిద్ధం. మ్యాక్స్ స్క్రిప్ట్‌లో రోలౌట్ అనే పెట్టెలో బటన్‌కో పేరు పెట్టి, 'ఈ బటన్ నొక్కినప్పుడు ఇది చెయ్' అని దాదాపు మామూలు వాక్యంలాగే రాస్తారు. హైపర్‌కార్డ్ పోలిక అక్కడ స్పష్టంగా తెలుస్తుంది.

మాయా 8.5తో పైథాన్, మాయా 2011తో క్యూటీ అనే యూఐ చట్రం వచ్చాక ఈ కిటికీలకు హంగు పెరిగింది. జాబితాలు, ట్యాబులు, రంగులు, వెతుకుడు గడులు చేరాయి. అయితే హంగుతోపాటు కొత్త బెడదలూ వచ్చాయి. కిటికీని ఏదో ఒక వేరియబుల్ పట్టుకుని ఉండకపోతే అది తెరుచుకున్న మరుక్షణం మాయమవుతుంది. మాయా ప్రధాన కిటికీకి దాన్ని బిడ్డగా చేయకపోతే, వెనక దాక్కుని 'టూల్ రావట్లేదు' అన్న ఫిర్యాదు తెస్తుంది.

ఆఫ్టర్ ఎఫెక్ట్స్ దారి కాస్త వేరు. అక్కడ స్క్రిప్ట్ ఏ ఫోల్డర్‌లో ఉందన్నదే దాని రూపాన్ని నిర్ణయిస్తుంది. మామూలు స్క్రిప్ట్స్ ఫోల్డర్‌లో పెడితే ఫైల్ మెనూ కింద కనిపించి, ఒకసారి నడిచి ఊరుకుంటుంది. స్క్రిప్ట్‌యూఐ ప్యానెల్స్ ఫోల్డర్‌లో పెడితే విండో మెనూలో చేరి, మిగతా ప్యానెళ్ల పక్కన అతుక్కుని కూర్చుంటుంది. అందుకే అనుభవమున్నవాళ్లు 'నేనిప్పుడు ప్యానెల్‌నా, విడి కిటికీనా' అని స్క్రిప్ట్ తననుతాను ప్రశ్నించుకునే లైన్‌ని మొదట్లోనే రాస్తారు. ఇక్కడే కొత్తవాళ్లు పడే పొరపాటు ఒకటుంది. ఎక్స్‌ప్రెషన్ వేరు, స్క్రిప్ట్ వేరు. ఎక్స్‌ప్రెషన్ తానున్న ప్రాపర్టీ విలువను మాత్రమే లెక్కగడుతుంది. కాబట్టి లేయర్ మీద చెక్‌బాక్స్ కంట్రోల్ పెట్టి దాన్ని బటన్ అనుకుంటే కుదరదు. అది దీపం స్విచ్ లాంటిది, ఉంటే ఉంది, లేకపోతే లేదు. 'ఇప్పుడు ఒక్కసారి ఈ పని చెయ్' అనే కాలింగ్ బెల్ బటన్ కావాలంటే స్క్రిప్టే గతి.

బ్లెండర్ పెట్టే షరతులు

2011లో 2.5 వరస స్థిరపడ్డాక బ్లెండర్ ఎంచుకున్న పద్ధతి ఈ సమీక్షలో విడిగా నిలబడుతుంది. అక్కడ బటన్‌కి నేరుగా ఫంక్షన్ అతికించడం కుదరదు. ముందు చేయాల్సిన పనిని 'ఆపరేటర్'గా ప్రకటించాలి. దానికో గుర్తింపు, ఓ పేరు ఉండాలి, ఓ వివరణ కూడా రాయొచ్చు. తర్వాత ప్యానెల్‌లో ఆ ఆపరేటర్ పేరు చెబితే బటన్ దానంతటదే వస్తుంది. మొదటిసారి చూసినవాడికి ఇది చాదస్తంలా తోస్తుంది. ఒక్క బటన్‌కి రెండు క్లాసులా అని విసుగొస్తుంది.

కానీ ఆ చాదస్తం వెనక లెక్క ఉంది. ఒకసారి ఆపరేటర్ అయ్యాక దాన్ని ప్యానెల్‌లో, మెనూలో, షార్ట్‌కట్ కీ మీద, ఎక్కడైనా పెట్టుకోవచ్చు. రాసిన వివరణ మౌస్ పెట్టగానే టూల్‌టిప్‌గా కనిపిస్తుంది. 'పోల్' అనే చిన్న ఫంక్షన్ రాస్తే, పరిస్థితి అనుకూలంగా లేనప్పుడు బటన్ బూడిదరంగుకు మారి నొక్కనివ్వదు. అన్నిటికంటే పెద్ద వరం ఇంకొకటి. రిజిస్టర్, అన్‌డూ గుర్తులు రెండూ పెట్టిన ఆపరేటర్‌ని నొక్కాక మూలన చిన్న పెట్టె తెరుచుకుంటుంది. తోక రెండు ఫ్రేముల తేడాతో జరిగింది కదా, ఆ అంకెను మూడు చేస్తే పాతది రద్దయి కొత్త లెక్కతో మళ్లీ జరుగుతుంది. ముందు అడిగి తర్వాత చేసే కిటికీల మధ్య, ముందు చేసి తర్వాత సర్దుకోనిచ్చే ఈ పద్ధతి యానిమేటర్ స్వభావానికి బాగా నప్పుతుంది. ఎన్ని ఫ్రేములు కావాలో చూడకుండా చెప్పమంటే వాడేం చెప్పగలడు?

ప్యానెల్‌ని గీసే ఫంక్షన్ తెర మారినప్పుడల్లా మళ్లీ మళ్లీ నడుస్తుంది. అందులో సీన్‌లోని డేటాను మార్చడానికి బ్లెండర్ ఒప్పుకోదు. గీయడం వేరు, చేయడం వేరు అన్న ఈ గీతను దాటబోయి దెబ్బతిననివాళ్లు తక్కువ.

మోహోలో ఈ ఆలోచన ఇంకా ముందుకు వెళ్లింది. దాని పనిముట్ల పెట్టెలోని టూల్స్ చాలావరకు లువా స్క్రిప్టులే. మన స్క్రిప్ట్‌ని టూల్స్ ఫోల్డర్‌లో పెట్టి, అదే పేరుతో ఒక చిన్న పీఎన్‌జీ బొమ్మ జతచేస్తే అది కంపెనీ ఇచ్చిన టూల్స్ పక్కనే చేరుతుంది. నొక్కిన బటన్ ఒక అంకెను సందేశంగా పంపుతుంది, స్క్రిప్ట్ ఆ అంకె చూసి పని చేస్తుంది. సొంతదీ అరువుదీ అన్న తేడా తెర మీద తెలియకపోవడమే అందులోని అందం.

బొమ్మతోపాటు వెళ్లే బటన్

ఇంతవరకు చెప్పుకున్న బటన్లన్నీ సాఫ్ట్‌వేర్‌కి తగిలించినవి. మరో రకం బొమ్మకే తగులుకుని ఉంటుంది. హౌడినీలో డిజిటల్ అసెట్ తయారుచేసేటప్పుడు, పారామీటర్ల జాబితాలోకి ఒక బటన్‌ని లాగి దాని కాల్‌బ్యాక్ గడిలో పైథాన్ లైన్ రాస్తే చాలు. ఆ అసెట్‌ని ఎవరు ఏ సీన్‌లో తెరిచినా బటన్ వెంటే వస్తుంది. బ్లెండర్‌లో రిగిఫై అనే యాడ్ఆన్ తయారుచేసే రిగ్ (బొమ్మను కదిలించే ఎముకలు, కంట్రోలర్ల అమరిక) కూడా తన యూఐ స్క్రిప్ట్‌ని ఫైల్‌లోనే మోసుకెళ్తుంది. చేతిని ఐకే నుంచి ఎఫ్‌కేకి, అంటే కొసను పట్టి లాగే పద్ధతి నుంచి ఒక్కో కీలునూ విడిగా తిప్పే పద్ధతికి, భంగిమ చెదరకుండా మార్చే బటన్లు అందులోవే.

పాత్ర బొమ్మనే బటన్ల పలకగా మార్చే పికర్లు ఈ కోవలోవే. పూర్తి స్థాయి మనిషి రిగ్‌లో వందకు పైగా కంట్రోలర్లు ఉండటం మామూలు. త్రీడీ తెర మీద, దుస్తుల మడతల వెనక, చిటికెన వేలి మధ్య కణుపు కంట్రోలర్ కోసం వెతకడం గడ్డివాములో సూది వెతకడమే. పికర్‌లో మనిషి ఆకారం ఒకటి చదునుగా పరిచి ఉంటుంది, ఏ చోట నొక్కితే ఆ చోటి కంట్రోలర్ సెలెక్ట్ అవుతుంది. సాఫ్టిమేజ్‌లో దీన్ని సినాప్టిక్ అనేవారు. బొమ్మ మీద ప్రాంతాలు గుర్తించిన హెచ్‌టీఎంఎల్ పేజీ అది, ఆ ప్రాంతాల వెనక స్క్రిప్టులుండేవి. 2014లో ఆటోడెస్క్ సాఫ్టిమేజ్‌కి స్వస్తి ప్రకటించినా, మాయాలో వాడే ఎంగేర్ అనే రిగ్గింగ్ చట్రంలో ఆ పేరు బతికే ఉంది. ఊరు ఖాళీ అయినా ఇంటిపేరు మిగిలినట్టు.

ఏ వరుసలో ఏ బటన్ ఉందో పికర్‌లో చదవనక్కర్లేదు. ఎడమ మోచేయి ఎడమ మోచేతి దగ్గరే ఉంటుంది. బటన్ స్థానమే దాని అర్థం. పొడవాటి కిటికీలో పాతిక బటన్లు పేర్చే టీడీ నేర్చుకోవాల్సిన పాఠం ఇదే.

నొక్కిన తర్వాత

ఇక రెండో ప్రశ్న. బటన్ నొక్కినవాడికి మనమిచ్చే మాటల్లో మొదటిది: వెనక్కి తీసుకోవచ్చు. మాయాలో క్యూటీ కిటికీ నుంచి నడిచే స్క్రిప్ట్‌లో ప్రతి కమాండ్ విడి అడుగుగా నమోదైపోవచ్చు. ఎనిమిది కంట్రోలర్లు జరిపిన బటన్‌ని రద్దు చేయడానికి ఎనిమిదిసార్లు కంట్రోల్-జెడ్ కొట్టాలంటే ఆ టూల్‌ని రెండోసారి ఎవరూ ముట్టుకోరు. అందుకే పని మొదట్లో అన్‌డూ కట్టను తెరిచి, చివర మూస్తారు. మధ్యలో ఎర్రర్ వచ్చినా మూసే లైన్ తప్పక నడిచేలా చూడాలి, లేకపోతే ఆ తర్వాత చేసిన పనంతా అదే కట్టలో పోగుపడుతుంది. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లోనూ ఇలాంటి గుంపు ఉంది, తెరిచి మూయకపోతే లెక్క కుదరలేదని అదే హెచ్చరిస్తుంది. బ్లెండర్‌లో అన్‌డూ గుర్తు మరిచిపోతే, వెనక్కి వెళ్లినప్పుడు బటన్ పనితోపాటు దానికి ముందు చేసిన పని కూడా పోతుంది.

రెండో మాట: ఎవరి మిషన్‌లోనైనా పనిచేస్తుంది. 'నా దగ్గర బాగానే ఉందే' అన్న మాట వెనక మాయాలో తరచూ ఒకే కారణం ఉంటుంది. బటన్ కమాండ్‌ని కొటేషన్లలో అక్షరాలుగా రాస్తే, మాయా ఆ ఫంక్షన్ పేరును స్క్రిప్ట్ ఎడిటర్‌కి తెలిసిన పేర్లలో వెతుకుతుంది. రాసినవాడు పొద్దున దాన్ని అక్కడే ఓసారి నడిపాడు కాబట్టి దొరుకుతుంది. పక్కవాడి మిషన్‌లో దొరకదు. ఫంక్షన్‌నే నేరుగా ఇస్తే ఈ గొడవ తప్పుతుంది. అప్పుడు మాయా నొక్కిన ప్రతిసారీ అదనంగా ఒక విలువ పంపుతుంది, దాన్ని పుచ్చుకోవడానికి ఫంక్షన్‌లో చోటు లేకపోతే ఎర్రర్ ఇస్తుంది.

మూడోది: ఏ బటన్ నొక్కితే ఆ పనే జరుగుతుంది. ఇది కూడా చెప్పాలా అనిపిస్తుంది గానీ, తోక కంట్రోలర్లు ఎనిమిదింటికి లూప్‌లో లాంబ్డాలతో, అంటే పేరులేని చిన్న ఫంక్షన్లతో, ఎనిమిది బటన్లు పెట్టి చూడండి. ఏది నొక్కినా ఎనిమిదోదే సెలెక్ట్ అవుతుంది. పైథాన్ లూప్‌లోని పేరు విలువను బటన్ తయారైనప్పుడు కాదు, నొక్కినప్పుడు చూస్తుంది. అప్పటికి లూప్ చివరికి చేరి ఉంటుంది. ఆ విలువను తయారయ్యేటప్పుడే పట్టి ఉంచడం దీనికి మందు.

నాలుగోది: కుదరకపోతే మనిషి భాషలో చెబుతుంది. ఏదీ సెలెక్ట్ చేయకుండా నొక్కితే ఎర్రటి లైన్ ఒకటి తెర అడుగున మెరిసి పోకూడదు. 'కనీసం రెండు కంట్రోలర్లు ఎంచుకోండి' అన్న ఒక్క ముక్క చాలు. బటన్ మీది పేరుకీ ఇదే సూత్రం. 'మిర్రర్' అని రాస్తే ఎటు నుంచి ఎటో తెలియదు. 'ఎడమ నుంచి కుడికి' అంటే అడగాల్సిన పనే లేదు.

కాలం, నమ్మకం

బటన్లు ముసలివవుతాయి, స్క్రిప్ట్ కంటే త్వరగా. తోకను జరిపే లెక్క పదేళ్లయినా మారదు, దాని చుట్టూ కట్టిన కిటికీ మాత్రం మూడుసార్లు కూలుతుంది. మాయాలోనే పైసైడ్ పోయి 2017 వెర్షన్‌తో పైసైడ్ 2, 2025 వెర్షన్‌తో పైసైడ్ 6 వచ్చాయి. మధ్యలో పైథాన్ 2 నుంచి 3కి మారే తంటా ఒకటి. హైదరాబాద్ వంటి చోట బయటి దేశాల షోలు చేసిపెట్టే స్టూడియోల్లో, క్లయింట్ ఏ వెర్షన్ అంటే అది వాడాలి. ఒకే టూల్ రెండు మూడు వెర్షన్లలో బతకాలి. ఆఫ్టర్ ఎఫెక్ట్స్‌లో 2018 చివర ఎక్స్‌ప్రెషన్లకు కొత్త జావాస్క్రిప్ట్ ఇంజిన్ ఇచ్చినా, స్క్రిప్టుల ఎక్స్‌టెండ్‌స్క్రిప్ట్ మాత్రం 1999 నాటి జావాస్క్రిప్ట్ ప్రమాణం మీదే ఉండిపోయింది. పని చేసే ఫంక్షన్‌ని ఒక ఫైల్‌లో, బటన్ల కిటికీని మరో ఫైల్‌లో ఉంచడం అందుకే. ఇల్లు కూలితే కొత్త గోడలు కట్టుకోవచ్చు, గింజలు గాదెలో భద్రంగా ఉంటే చాలు.

నమ్మకం సంగతి మరీ సున్నితం. బటన్ వెనక ఏముందో నొక్కేవాడు చదవడు. 2020లో మాయా సీన్ ఫైళ్లలో దాగి, తెరవగానే మరో ఫైల్‌కి పాకే హానికర స్క్రిప్టులు బయటపడ్డాయి. వాటిని వెతికి శుభ్రం చేసే టూల్‌ని ఆటోడెస్క్ విడుదల చేయాల్సి వచ్చింది. బ్లెండర్ మామూలుగా ఫైల్‌లోని పైథాన్‌ని తనంతట నడవనివ్వదు. దాని ఫలితంగా రిగిఫై బటన్లు కనిపించక, రిగ్ పాడైందని కంగారుపడేవాళ్లున్నారు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ కూడా డిస్క్ మీద రాయడానికి, నెట్‌కి వెళ్లడానికి స్క్రిప్టులకు విడిగా అనుమతి అడుగుతుంది. చిరాకే అయినా ఈ తలుపు గడియలు ఉండాల్సినవే.

బటన్ వద్దన్న చోటు

ప్రతి స్క్రిప్ట్‌కీ బటన్ అక్కర్లేదు. గురి ఎంత దూరముంటే, ఎంత చిన్నదైతే చేరడానికి అంత సమయం పడుతుందని పాల్ ఫిట్స్ 1954లోనే లెక్కగట్టాడు. నిమిషానికి పదిసార్లు చేసే పనికి మౌస్‌ని తెర మూలకి తోలడం దండగ. అక్కడ షార్ట్‌కట్ కీ మేలు. మాయా మార్కింగ్ మెనూలది ఇంకో తెలివి. బిల్ బక్స్‌టన్, గోర్డన్ కర్టెన్‌బాక్‌ల పరిశోధన నుంచి వచ్చిన ఆ మెనూలో మొదట్లో పేర్లు చదివి ఎంచుకుంటాం, అలవాటయ్యాక చూడకుండానే చెయ్యి అటు విసురుతాం. రోజుకోసారి చేసే పనికి బటన్ సరిపోతుంది. షోకి ఒక్కసారే చేసే పనిని స్క్రిప్ట్ ఎడిటర్‌లోనే వదిలేయొచ్చు. అన్నిటికీ బటన్లు పెట్టిన షెల్ఫ్, అన్ని దినుసులూ ఒకే డబ్బాలో పోసిన పోపులపెట్టె లాంటిది.

మొత్తం కలిపి చూస్తే, సొంత వాడకానికి షెల్ఫ్, విలువలు అడగాల్సిన టూల్‌కి కిటికీ లేదా ప్యానెల్, పాత్రతో పాటు తిరగాల్సిన దానికి అసెట్‌లోని బటన్ లేదా పికర్ అన్నది సబబైన పంపకం. పద్ధతుల్లో బ్లెండర్‌దే పెద్ద మార్కు. బటన్ పెట్టేముందే పేరు చెప్పమంటుంది, అదేం చేస్తుందో, ఎప్పుడు నొక్కొచ్చో, ఎలా వెనక్కి వెళ్లాలో చెప్పడానికి చోటు చూపిస్తుంది. మిగతా చోట్ల ఈ మర్యాదలు టీడీ మనస్సాక్షికే వదిలేశారు.

తోక టూల్ తీసుకున్న యానిమేటర్ వారం తర్వాత కూడా "అన్నా" అని పిలవడం లేదంటే రెండు కారణాలుండొచ్చు. బటన్ మాట నిలబెట్టుకుంటూ ఉండొచ్చు. లేదా వాడు విసిగిపోయి, కీలను మళ్లీ చేత్తోనే జరుపుకుంటూ ఉండొచ్చు. ఏది నిజమో తేల్చుకోవడానికి టీడీ తన కుర్చీలోంచి లేచి, పక్క సీటు దగ్గరికి వెళ్లి, ఐదు నిమిషాలు మాట్లాడకుండా చూడాలి.